బందరు వియ్యాలవారు, ఓరుగల్లు గొడుగు

వియ్యాలవారికి అన్నం పెట్టడం సులువు. పప్పులో ఉప్పు తక్కువైతే మొహమాటపడి ఊరుకుంటారు. ఊరు చూపించడం అట్లా కాదు. ఊళ్ళో ఏం తక్కువైనా పైకి అనేస్తారు. అందులోనూ సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళకు ఓరుగల్లు చూపించాలంటే ముందే ఒక మార్కు తగ్గించుకుని మొదలుపెట్టాలి. మనకు సముద్రం లేదు కదా.

మా అమ్మాయిని బందరు ఇచ్చాం. మా బావగారు ఆడిట్‌లో చేసి రిటైరయ్యారు. ఆయన ముందు ఏ అంకె చెప్పినా దానికి వోచరు ఉండాలి. ఆయన భార్య, మాకు వరసకు చెల్లెమ్మ, అంకెల జోలికి పోదు గానీ ప్రశ్నల మనిషి. అవి పరీక్షల్లో వచ్చే ప్రశ్నలు కావు. రాజు పేరు, పుట్టిన తేదీ ఆమెకు అక్కర్లేదు. రాజుగారింట్లో అంట్లు ఎవరు తోమేవాళ్ళు, నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళు, అదీ ఆమెకు కావలసింది.

ఫిబ్రవరి చివర్లో హనుమకొండలో మా వాళ్ళ పెళ్ళికి ఇద్దరూ వచ్చారు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి వరంగల్ స్టేషన్లో రైలు. పొద్దున ఖాళీ. ‘ఆ కాస్త టైములో ఊరు చూపించెయ్యండి’ అని మా అమ్మాయి ఫోన్లో ఆర్డరు వేసి, పెట్టేసేముందు ఇంకో మాట అంది: ‘నాన్నా, నువ్వు చెప్పకు. గైడును పెట్టు.’

పెట్టాను. నలభై ఏళ్ళ మనిషి, మాట ధాటీగా ఉంది. మూడు గంటలకు వెయ్యి రూపాయలు, వేయి స్తంభాల గుడి, భద్రకాళి, ఖిలా. టైము దాటితే గంటకు మూడు వందలు అదనం. బావగారు ఈ షరతులన్నీ జేబు డైరీలో రాసుకున్నారు. గైడు చేతిలో నల్ల గొడుగు, కొక్కెం పిడిది. ‘జనంల తప్పిపోతే ఎటూ చూడకుండ్రి. నా గొడుగు చూసుకుంట రాండ్రి’ అని మా అందరికీ వినిపించేట్టు చెప్పాడు. చెల్లెమ్మ బుద్ధిగా తలూపింది. ఆమె ఆ మాటను ఎంత శ్రద్ధగా పట్టుకుందో అప్పుడు మాకు తెలియలేదు.

వేయి స్తంభాల గుడి దగ్గర గైడు దండకం ఎత్తుకున్నాడు. ‘1163ల రుద్రదేవుడు కట్టించిండు సార్. త్రికూటాలయం. శివుడు, విష్ణువు, సూర్యుడు.’

‘స్తంభాలు ఎన్నండీ?’ అన్నారు బావగారు.

‘వెయ్యి సార్.’

‘మీరు లెక్కపెట్టారా?’

గైడు నా వైపు చూశాడు. నేను నంది వైపు చూశాను.

‘పెద్దయి, చిన్నయి, గోడలల్ల కలిసిపోయినయి అన్నీ కలిపి సార్.’

‘గోడలో కలిసిపోయింది గోడ పద్దులోకి పోతుంది గానీ, స్తంభాల పద్దులోకి ఎలా వస్తుందండీ?’ అని ఆయన వేలు చాపి లెక్క మొదలుపెట్టారు. నూట నలభై దాకా సాఫీగా సాగింది. అక్కడ సెల్ఫీ దిగుతున్న ఇద్దరు ఆడపిల్లలు ‘అంకుల్, కొంచెం జరుగుతరా’ అన్నారు. ఆయన జరిగారు. లెక్క పోయింది. మళ్ళీ ఒకటి నుంచి.

ఆయన దృష్టి మళ్ళించడానికి గైడు కళ్యాణమండపం కథ ఎత్తాడు. పునాది కుంగితే మండపాన్ని రాయి రాయీ విప్పి, నంబర్లు వేసి, ఏళ్ళ తరబడి మళ్ళీ పేర్చి, 2024లో తెరిచారని చెప్పాడు. మొదటిసారి బావగారి ముఖంలో గౌరవం కనిపించింది. ‘విప్పిన రాళ్ళూ, పెట్టిన రాళ్ళూ టాలీ అయ్యాయా?’ అన్నారు. అయ్యాయని గైడు ఒట్టు పెట్టినంత పని చేశాడు.

ఈలోగా చెల్లెమ్మ నందిని చేత్తో తడిమి చూసి, ‘ఇంత నున్నగా రావాలంటే దేంతో రుద్దేవాళ్ళు బాబూ?’ అంది. ‘అది ముంగట వస్తదమ్మా’ అన్నాడు గైడు. ‘ఊరందరికీ నీళ్ళు ఎక్కణ్ణుంచి?’ ‘అది గూడ ముంగట వస్తదమ్మా.’ పాపం, ఆమె నమ్మింది.

భద్రకాళి దగ్గర దర్శనం తొందరగానే అయింది. చెరువు చూసి బావగారు ‘ఇదేనా మీ సముద్రం?’ అన్నారు. నవ్వాను. వియ్యంకుడు కదా.

అసలు కథ ఖిలా వరంగల్‌లో. రాతికోట దర్వాజా దగ్గర దారి తిన్నగా లోపలికి పోదు, మలుపులు తిరుగుతుంది. ఏనుగులతో, గుర్రాలతో దూసుకొచ్చే శత్రువు ఆ మలుపు దగ్గర ఆగి బిత్తరపోవాలని అట్లా కట్టారట. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతిగోడను రుద్రమదేవి ఇంకా ఎత్తు పెంచిందనీ, దాని బయట మట్టికోట ఉందనీ గైడు చెబుతుంటే బావగారు తల ఎత్తి చూశారు గానీ వోచరు అడగలేదు. గోడ ఆ పాటి ఎత్తుంది మరి.

స్వయంభూ గుడి శిథిలాల మధ్య, కీర్తితోరణం నీడలో నిలబడి గైడు గొంతు సవరించుకున్నాడు. తెలంగాణ రాజముద్ర మీద ఉన్నది ఈ తోరణమే అని చెప్పి ఊరుకుంటే పోయేది. వచ్చినవాళ్ళు కోస్తావాళ్ళు కదా, సంతోషపెడదామనుకున్నట్టున్నాడు.

‘కాకతీయులకు గూడ సముద్రం ఉండె సార్! మోటుపల్లి రేవు.’

బావగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ‘మోటుపల్లా? మా పక్కనేగా!’

‘చీరాల దిక్కు సార్.’

‘తీరం అంతా ఒకటేనండీ. మీరు కానివ్వండి.’

గైడు కానిచ్చాడు. నిజం చెప్పాలంటే బాగా చెప్పాడు. వెనకటి రాజులు, తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే ఆ సరుకంతా గుంజుకునేవారట. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల దగ్గర కట్టుబడి సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని మాటిచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. కర్పూరం, చందనం, ముత్యాలు, పగడాలు, మిరియాలు ఆ రేవులో దిగేవి.

బావగారు డైరీ తీశారు. ‘ముప్పైకి ఒకటి. అంటే మూడు పాయింట్ మూడు మూడు శాతం. ఇప్పటి జీఎస్టీతో చూస్తే దేవుడండీ ఆయన’ అని రాసుకుని కింద గీత గీశారు.

ఊపు మీదున్న గైడు మార్కోపోలోను దింపాడు. ఆ ఇటలీ వర్తకుడు మోటుపల్లి దేశాన్ని ఒక రాణి చల్లగా ఏలుతున్నదని రాశాడు. ఇక్కడి సన్నబట్ట సాలెగూడులా ఉంటుందని మెచ్చుకున్నాడు. వజ్రాల కథ కూడా చెప్పాడు. మనిషి దిగలేని లోయల్లో వజ్రాలుండేవట. పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు వాటికి అంటుకునేవట. గద్దలు ఆ మాంసాన్ని పైకి ఎత్తుకొస్తే, వాటిని తరిమి వజ్రాలు ఏరుకునేవాళ్ళట.

‘మరి ఆ మాంసం ఏం చేసేవాళ్ళు బాబూ? పారేసేవాళ్ళా?’ అంది చెల్లెమ్మ.

గైడు మార్కోపోలోను వదిలి ఆమెను చూశాడు. ‘అది ముంగట...’ అనబోయి ఆగిపోయాడు.

ఇంతలో బావగారు బందరు గొప్ప ఎత్తుకున్నారు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి కొట్లు పెట్టింది మా బందరులోనేనండీ అని. గోల్కొండ సుల్తానులకు రేవు అదేనని. గైడు కూడా పౌరుషం గల మనిషి. ‘అది కాకతీయులు పోయినంక ముచ్చట సార్, 1323 తర్వాత’ అన్నాడు. పక్కన ఎక్స్‌కర్షనుకు వచ్చిన బడిపిల్లలు వీళ్ళ చుట్టూ మూగి ఇద్దరు చెప్పేదీ నోట్సులో రాసుకోవడం మొదలుపెట్టారు. ఒక పిల్లవాడు నన్నే అడిగాడు: ‘సార్, డచ్చోళ్ళు రుద్రమదేవికి ఏమైతరు?’ వాణ్ణి సరిచేసేసరికి కాస్త టైము పట్టింది. తలెత్తి చూస్తే మా ఇంటామె ఒక్కతే నిలబడి ఉంది.

‘వదిన ఏది?’ అంది.

వదిన లేదు. తోరణం కింద లేదు, పడిన స్తంభాల మధ్య లేదు, ఖుష్ మహల్ లోపలా లేదు. ఫోన్ చేద్దామంటే చెల్లెమ్మ ఫోను బావగారి చొక్కా జేబులో ఉంది, ఫొటోలకని తీసుకున్నారు. మా ఇంటామె అక్కణ్ణుంచే భద్రకాళికి మొక్కేసుకుంది. నాకు రైలు టెన్షన్ మొదలైంది. గైడు దర్వాజా దాకా ఉరికి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు.

బావగారు మాత్రం నిబ్బరంగా అడిగారు: ‘ఈ కోటకి దారులెన్ని?’

‘నాలుగు దర్వాజలు సార్.’

‘లోపలికి వచ్చే శత్రువు తికమకపడేట్టు కట్టారన్నారు. బయటికి పోయే ఆడమనిషికి ఏం ఏర్పాటు చేశారు?’

గైడు దగ్గర దానికి జవాబు లేదు. అదే సమయంలో ఆయన జేబులో చెల్లెమ్మ ఫోను మోగింది. తీసి చూసి, ‘తెలియని నంబరు’ అని కట్ చేశారు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్. ‘ఎత్తితే చాలు, ఖాతా ఊడ్చేస్తారు బావగారూ, సైబర్ నేరాలు పెరిగిపోయాయి’ అని నాకు వివరిస్తుండగా ఇంకోసారి మోగింది. మా ఇంటామె గుంజుకుని ఎత్తింది. ఎవరో కుర్రాడు. ‘ఇక్కడ ఒక పెద్దమ్మ మా ఇంట్ల ఉన్నది. ఆమెకు ఈ ఒక్క నంబరే యాదికున్నది, ఆమెదే అంట’ అన్నాడు.

ఖిలా అంటే మ్యూజియం అనుకుంటారు బయటివాళ్ళు. కాదు. గోడల లోపల ఊరుంది, మధ్యకోట, పడమర కోట అని వాడలున్నాయి, పొలాలున్నాయి. మేం పోయేసరికి పడమర కోటలో ఒక ఇంటి అరుగు మీద చెల్లెమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉంది. ఒడిలో స్టీలు పళ్ళెం, అందులో సకినాలు. పక్కన సగం తాగిన చాయ. గోడకు ఆనించి నల్ల గొడుగు, కొక్కెం పిడిది.

జరిగింది ఇదీ. గైడు, బావగారు వాదులాటలో ఉండగా ఎండకు గొడుగేసుకుని ఒక ముసలాయన తోరణం పక్కనుంచి పొలానికి పోతున్నాడు. చెల్లెమ్మకు గొడుగు కనిపించింది. చెప్పిన మాట ప్రకారం వెనకాలే నడిచింది. మనిషి మారిన సంగతి గమనించలేదా అంటే, ‘మనిషిని చూడమన్లేదుగా, గొడుగు చూడమన్నాడు’ అంది. ముసలాయనేమో, ఈమె మనుమరాలి సంబంధం వాళ్ళ తాలూకు మనిషి, ఇల్లూ వాకిలీ చూసిపోవడానికి వచ్చిందనుకున్నాడు. అందుకని అడిగినవాటికల్లా ఓపిగ్గా జవాబు చెప్పాడు.

‘అన్నయ్యగారూ, ఈ గైడు ఎంత మంచివాడండీ! నీళ్ళ సంగతి అడిగితే ముందు వస్తది అన్లేదు. శృంగార బావి ఎక్కడుందో, అక్కాచెల్లెళ్ళ బావి ఎక్కడుందో చెప్పాడు. ఎండాకాలం ఏ బావిలో నీళ్ళు నిలుస్తాయో చెప్పాడు’ అంది. తర్వాత గొంతు తగ్గించి, ‘ఇంకో సంగతి. ఈ గోడ ఎవరు కట్టారండీ అని అడిగాను. మా తాత అన్నాడు. కాకతీయుల వంశం అయ్యుండీ గైడు పని చేసుకుంటున్నాడు. ఎంత వినయం!’

ఆమె అడిగింది పొలం గట్టు మీది రాళ్ళగోడ సంగతి. ఆ మాట చెప్పడానికి మాకెవరికీ నోరు రాలేదు.

ముసలాయన భార్య మమ్మల్ని కూడా కూచోబెట్టింది. సంబంధం వాళ్ళు కారని తెలిశాక కూడా చాయ ఆగలేదు, అదీ మా ఊరి మర్యాద. చెల్లెమ్మ పర్సు తీసి గైడు ఫీజు ఇవ్వబోతే ముసలాయన నొచ్చుకున్నాడు. ‘పైసలేంది బిడ్డా, ఇంటికొచ్చిన ఆడిబిడ్డవు’ అని గుడ్డసంచి నిండా వంకాయలు, పైన నాలుగు టమాటాలు వేసి ఆమె చేతికిచ్చాడు.

కారు దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మా గైడు ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు. ‘సార్, గంట మీద పైకయింది. మూడు వందలు ఎక్కువ అయితది’ అన్నాడు.

బావగారు డైరీ తెరిచారు. గీత గీసిన పేజీ.

‘తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్ళ దగ్గర ఏం తీసుకోవాలన్నారు మీ గణపతిదేవులవారు?’

గైడు మాట్లాడలేదు.

‘కట్టుబడి సుంకం. అంతకుమించి ఒక్క పైసా కూడదన్నారు. మా ఆవిడ తీరప్రాంతం మనిషి. దారి తప్పి పడమర కోట ఒడ్డుకు చేరింది. కట్టుబడి వెయ్యి. ఇదుగో.’

గైడు ఆ వెయ్యి అందుకుని కాసేపు గొడుగు పిడి తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత అతని చూపు చెల్లెమ్మ చేతిలోని సంచి మీద పడింది.

‘సరే సార్. శాసనమంటే శాసనమే. మరి దిగుమతి సరుకు మీద సుంకం? ముప్పైకి ఒకటి.’

బావగారు తెల్లబోయారు. కానీ న్యాయమైన క్లెయిమును తోసిపుచ్చే మనిషి కాదు. నేను రైలు రైలు అంటున్నా వినకుండా కారు బానెట్ మీద సంచి బోర్లించి వంకాయలు వరసలో పేర్చి లెక్కపెట్టారు. ఈసారి ఎవరూ జరగమనలేదు కాబట్టి లెక్క ఒక్క దమ్ములో తేలింది. ఇరవై ఎనిమిది.

‘ముప్పై నిండలేదు. సుంకం వర్తించదు.’

‘టమాటాలు కలుపుకుంటే నిండుతయి గద సార్!’

‘టమాటాలు వేరే పద్దండీ’ అని బావగారు సంచి మూతి కట్టేశారు.