గజమాల గారికి దండం పెట్టి రాయునది

అయ్యా గజమాల గారూ,

సెప్టెంబరు వచ్చిందంటే మా ఓరుగల్లులో మీకు క్షణం తీరిక ఉండదు, మాకు నడవడానికి దారి ఉండదు.

2వ తేదీన పరకాలలో మొదలుపెడతారు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడు వారాలు కూడా కాలేదు, ఇక్కడ ఇంకా నిజాం పాలనే. మూడు రంగుల జెండా ఎగరేద్దామని వచ్చిన జనం మీద తుపాకులు పేలాయి. ఆ చావులకు మీరు తప్పకుండా హాజరవుతారు, కాదనను. కాకపోతే మీ వెనకాల ఫొటోలో ముందు వరుస కోసం జరిగే తోపులాట చూస్తే, అప్పుడు ముందు వరుసలో నిలబడింది ఎందుకో ఎవరికైనా గుర్తుందా అని అనుమానం వస్తుంది.

9న ప్రజాకవి కాళోజీ జయంతి. ఈయనతో మాత్రం మీకు మొదటి నుంచీ పడలేదు. నిజాం ఊళ్లోంచి వెళ్లగొట్టినా నోరు మూయలేదు. ఎమర్జెన్సీ పెట్టిన పార్టీ ముఖ్యమంత్రి మీద ఓడిపోతానని తెలిసే ఎన్నికల్లో నిలబడ్డాడు. మీ సంగతి కూడా ముందే పసిగట్టాడేమో, 2002లో పోయాక తన ఒంటిని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇవ్వమన్నాడు. సమాధే లేకపోతే దండ ఎక్కడ వేస్తారు? మీరు తక్కువవారా, విగ్రహం వెతుక్కున్నారు. ఆయన పేరిట కళాక్షేత్రానికి 2014లో శతజయంతి నాడు కొబ్బరికాయ కొట్టారు, తలుపులు తెరిచింది 2024 నవంబరులో. ఆ పదేళ్లూ జయంతి మాత్రం ఒక్కటీ తప్పలేదు. సిమెంటు కంటే మీరే నయం, చెప్పిన రోజుకు వస్తారు.

తెల్లారితే 10, ఐలమ్మ వర్ధంతి. పాలకుర్తిలో తన నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన మనిషి. భూమి కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ముసలమ్మ ఈవేళ ఆమె విగ్రహం దగ్గరికొచ్చి ఫైలు చూపిస్తే, "దండ వేసే టైంలో ఏంటమ్మా" అని పక్కకు జరిపేస్తారు.

ఇక 17. 1948లో నిజాం లొంగిపోయిన రోజు. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. రాష్ట్ర ప్రభుత్వం 2022లో సమైక్యతా దినోత్సవం అంది, ప్రభుత్వం మారాక 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది. ఫ్లెక్సీలు కొట్టేవాళ్లకు తప్ప ఈ రోజుతో అందరికీ టెన్షనే. మీకు మాత్రం ఏ చిక్కూ లేదు, ఎవరు పిలిచినా అవే బంతిపూలు, అదే నిచ్చెన. నిజాం లొంగినా రైతుల సాయుధ పోరాటం 1951 దాకా ఆగలేదనీ, ఆ మూడేళ్లలో చనిపోయినవాళ్లలో చాలామందికి తేదీ లేదనీ, విగ్రహం అసలే లేదనీ మీకెవరూ చెప్పినట్టు లేదు. తేదీ లేనివాళ్ల దగ్గరికి మీరు రారు కదా.

26న మళ్లీ ఐలమ్మ జయంతి, 27న కొండా లక్ష్మణ్ బాపూజీ జయంతి. క్రేన్ మాట్లాడేసుకున్నారని విన్నాను. ఒక చిన్న మనవి. అటూ ఇటూగా ఆ రోజుల్లోనే బతుకమ్మ కూడా వస్తుంది. ఇప్పటికే మార్కెట్లో బంతిపూల ధర చూసి మా ఆడబిడ్డలు గునుగు పూలతో సరిపెట్టుకుంటున్నారు. మీరు ఈసారి కాస్త ఒళ్లు తగ్గించుకుని వస్తే వాళ్లకూ నాలుగు పూలు దొరుకుతాయి.

ఇట్లు,
హనుమకొండ చౌరస్తాలో రోడ్డు దాటడానికి నిలబడ్డ ఒకడు