"ముందు పోయి చేరు, థీసిస్ తర్వాత రాసుకో" అనేవాళ్ళకి

పొద్దున ల్యాబ్‌లో జూనియర్ల ముందు మా గైడ్ సారు, "ఇంకా ఆ క్యూబులు పట్టుకుని తిరుగుతున్నవా అమ్మా? పీహెచ్‌డీ సీటొచ్చింది కదా, పోయి చేరు. థీసిస్‌దేముంది, తర్వాత రాసుకోవచ్చు" అన్నారు. ఇంతలో ఫోనొస్తే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. సాయంత్రమైనా నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది.

థీసిస్‌దేముందా సార్? నా ఎం.టెక్ థీసిస్ పని ఫ్లైయాష్, అంటే బొగ్గు కాల్చాక మిగిలే బూడిద, కలిపిన కాంక్రీటు మీద. భూపాలపల్లి దగ్గర చెల్పూరు కేటీపీపీ (బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు) నుంచి బూడిద తెచ్చి, సిమెంటులో కొంత భాగానికి బదులు దాన్ని వాడితే బలం ఎంత వస్తుందో చూడాలి. బూడిద సిమెంటులా వెంటనే పట్టుకోదు. సిమెంటు నీళ్ళతో కలిసినప్పుడు పుట్టే సున్నంతో నిదానంగా కలుస్తూ గట్టిపడుతుంది. అందుకే 28 రోజుల టెస్టులో మామూలు కాంక్రీటు కంటే వెనకబడ్డ బూడిద క్యూబు (టెస్టు కోసం పోసిన కాంక్రీటు దిమ్మ) 90 రోజులకు దాన్ని అందుకోవచ్చు, దాటనూ వచ్చు. నా థీసిస్ మొత్తం ఆ 90 రోజుల రీడింగ్ మీదే నిలబడి ఉంది. క్యూరింగ్ కోసం నీళ్ళ తొట్టిలో నానబెట్టిన క్యూబును తీసి, తుడిచి, పగిలేదాకా నొక్కే మిషన్‌లో పెడతాం. బరువు చూపించే సూది 600 కిలోన్యూటన్లు దాటాక మెల్లగా పాకుతుంది, పక్కల పెచ్చులు లేస్తాయి, ఉన్నట్టుండి సూది వెనక్కి పడిపోతుంది. అది ఎక్కడిదాకా పోయిందో ఆ ఒక్క అంకె కోసం మూడు నెలలు ఆగాలి. నేను వేరే ఊళ్ళో కోర్స్‌వర్క్ క్లాసులో కూర్చుంటే ఆ క్యూబులు తీసేదెవరు? తొట్టిలో నీళ్ళు తగ్గినా పట్టించుకునే మనిషి లేడు ఆ ల్యాబ్‌లో!

మా సీనియర్ అన్న ఒకాయన ఇట్లాంటి మాటే నమ్మి వెళ్ళిపోయాడు. ములుగు వైపు ఊరు, వాళ్ళింట్లో పీజీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆయనే. ఎం.టెక్ ఆఖరి సెమిస్టర్‌లో సీటొస్తే, ప్రొవిజనల్ సర్టిఫికెట్ తర్వాత ఇస్తానని రాసిచ్చి చేరాడు. కొత్త చోట క్లాసులు, సెమినార్లు, అక్కడి గైడ్ చెప్పే పనులు. రాత్రి రూముకొచ్చి పాత థీసిస్ తెరిచే ఓపిక ఎవరికుంటుంది? గడువు దాటింది, అడ్మిషన్ పోయింది. తిరిగొస్తే ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్, మళ్ళీ ఫీజు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. "చేరిపో తమ్మీ" అని ఎగదోసినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ తర్వాత ఆయన ఫోనెత్తలేదు. నాకు అన్నిటికంటే కడుపు మండేది అక్కడే.

ఇంకొందరుంటారు, 2022లో రెండు డిగ్రీలు ఒకేసారి చేసుకోవచ్చని యూజీసీ చెప్పింది కదా అని వాదిస్తారు. అది పీహెచ్‌డీకి వర్తించదని ఆ గైడ్‌లైన్స్‌లోనే ఉంది. చదవకుండా పిల్లలకు సలహాలివ్వకండి, దండం పెడతా.

అసలు ఆలస్యం నా ఒక్కదాని వల్లే అయిందా? నేనిచ్చిన మూడో చాప్టర్ సారు బల్ల మీద ఫైళ్ళ కింద అట్లనే ఉంది. నేనంటించిన పసుపు చీటీ అంచు బయటికి కనిపిస్తూనే ఉంటుంది, ఒక్క పేజీ తిప్పిన గుర్తు లేదు. ఎప్పుడడిగినా "రేపు చూస్తా" అంటారు. అది చూడని మనిషి నన్ను జూనియర్ల ముందు తొందరపెడతారు.

సరే, పోయి చేరమంటున్నారు కదా, ఏ కాగితం పట్టుకుని చేరాలి? ఆఫీసులో టీసీ అడిగితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, ఆ డబ్బు నువ్వే కట్టి తీసుకెళ్ళు, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం అంటారు. బీటెక్ అయినప్పుడు ఇంకో కాలేజీలోనూ ఇదే మాట. మా బాపు ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన పైసలు నేరుగా తెచ్చి కౌంటర్లో కడితే తప్ప నా సర్టిఫికెట్లు బీరువాలోంచి బయటికి రాలేదు. ఆ పైసలు ఇవాళ్టికీ తిరిగి రాలేదు. వచ్చే పంటకు విత్తనాలు అప్పు చేసి తెచ్చాడు మా బాపు. ప్రభుత్వం కాలేజీకి బాకీ పడితే మా సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకోవడమేంటి? ఒరిజినల్స్ ఆపొద్దని యూజీసీ చెప్పినా వినేవాళ్ళేరీ?

ఈ పోస్టు మా కాలేజీవాళ్ళు చూసినా నాకేం భయం లేదు. 90 రోజుల రీడింగ్ తీస్తా, వైవా అయి ప్రొవిజనల్ చేతికొచ్చాకే చేరతా. అప్పటిదాకా సీటు ఆగకపోతే వచ్చే ఏడు ఎంట్రన్స్ మళ్ళీ రాస్తా.