ఆ పిల్లవాడి మాట పూర్తి కానివ్వండి

మొన్న మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం బాగా జరిగింది. పచ్చడి అందరికీ అందింది. చిన్నపిల్లల కూచిపూడికి హాలంతా లేచి నిలబడింది. అయినా ఆ రోజు తలుచుకుంటే నాకు మధ్యాహ్నం వక్తృత్వ పోటీయే గుర్తొస్తోంది. ‘నాకు నచ్చిన కథ’ అనే అంశం మీద ఎనిమిదో తరగతి పిల్లవాడు మాట్లాడుతుంటే న్యాయనిర్ణేతలు మధ్యలో మైకు తీసేసుకున్నారు. "మన కథలు ఇన్ని ఉండగా ఈ బొమ్మల కథేంటి బాబూ, వెళ్లి కూర్చో" అన్నారు. కొందరు నవ్వారు కూడా. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని స్టేజి దిగిపోయాడు.

వాడు ఆదివారం తెలుగు బడిలో నా దగ్గర చదువుకుంటున్నాడు. మాట్లాడింది ‘మై హీరో అకాడెమియా’ గురించి. కొహెయ్ హొరికొషి గీసిన మాంగా (జపాన్ బొమ్మల పుస్తకాల కథ) ఆధారంగా జపాన్‌లో 2016లో మొదలై 2025 డిసెంబరులో ముగిసిన యానిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియల్, అది. ఎనిమిది సీజన్లు, మొత్తం 170 ఎపిసోడ్లు. నూటికి ఎనభై మంది ఏదో ఒక వింత శక్తితో పుట్టే లోకంలో, ఏ శక్తీ లేకుండా పుట్టి, నంబర్ వన్ హీరో ఆల్ మైట్ నుంచి శక్తి అందుకుని హీరోల స్కూల్లో చేరిన మిదొరియా అనే కుర్రాడి కథ. మావాడు ఎనిమిది సీజన్లకూ ర్యాంకులిచ్చి, అట్టడుగు నుంచి ఒక్కొక్కటే పైకి చెప్పుకుంటూ వస్తున్నాడు. మూడో ర్యాంకు దగ్గరికి వచ్చేసరికి మైకు పోయింది.

ఆ ప్రసంగం మా డైనింగ్ టేబుల్ మీదే తయారైంది. శనివారం సాయంత్రాలు వచ్చి కూర్చుని తెలుగు లిపిలోనే రాసుకునేవాడు. మాట తోచకపోతే తెనాలిలో ఉన్న వాళ్ల అమ్మమ్మకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసేవాడు. ఆవిడకి యానిమే అంటే తెలియదు కాబట్టి ప్రతి పాత్రనీ మొదటి నుంచీ పరిచయం చేయాల్సి వచ్చేది. మిదొరియా క్లాస్‌మేట్ తొదొరోకి సంగతి చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆల్ మైట్‌ని తను దాటలేనని తెలిసిన తొదొరోకి తండ్రి ఎండెవర్, కొడుకైనా దాటాలని, శక్తుల లెక్క చూసి పెళ్లి చేసుకున్నాడు. పుట్టిన బిడ్డని పసితనం నుంచే చావగొట్టి శిక్షణ ఇచ్చాడు. ఆ కాపురంలో మనసు చెదిరిన తల్లి, పిల్లవాడి ఎడమవైపు ముఖంలో మొగుడి పోలిక చూడలేక మరిగే నీళ్లు పోసింది. అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ తల్లి దగ్గరికి మళ్లీ ఎవరైనా వెళ్లారా నాన్నా?" అని అడిగింది. "కొడుకే ఆస్పత్రికి వెళ్లాడు అమ్మమ్మా, రెండో సీజన్లో" అని ఆ ఘట్టమంతా చెప్పాడు. ఇంట్లో "ఊఁ", "వద్దు", "తిన్నాను" తప్ప తెలుగు మాట్లాడడని వాళ్లమ్మ బాధపడే పిల్లవాడు వీడే.

ఇక వాడి ర్యాంకులు. అన్నిటికంటే కింద అయిదో సీజన్‌ని పెట్టాడు. రెండు తరగతుల మధ్య పోటీలతోనే సగం గడిచిపోయిందనీ, మాంగాలో ముందు వచ్చే విలన్ల భాగాన్ని వెనక్కి నెట్టి, కత్తిరించి చూపించారనీ కారణం చెప్పాడు. ఏడో స్థానం మొదటి సీజన్‌ది. 13 ఎపిసోడ్లలో పునాది మాత్రమే పడిందన్నాడు. ఆరో స్థానం ఏడో సీజన్‌కి. శక్తి లేకుండా పుట్టిన మరో బిడ్డ కోసం తల్లిదండ్రులు దుర్మార్గుడి దగ్గర శక్తి తెచ్చుకుని, వాడికి జీవితాంతం లొంగిపోయిన కథ అందులోదే. ఆ ముక్క చెబుతున్నప్పుడు ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తల్లులు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. తర్వాత ఎరి అనే చిన్నపిల్లని కాపాడిన నాలుగో సీజన్‌కి అయిదో స్థానం, ముగింపు సీజన్‌కి నాలుగు. మూడుకి రెండో సీజన్ పేరు చెప్పాడు, అంతే.

మిగతాది నేను చెబుతాను. రెండో ర్యాంకు మూడో సీజన్‌ది. కామినో అనే చోట జరిగిన పోరులో ఆల్ మైట్ ఒళ్లు ఎండి పుల్లలా అయిపోయి, తన అసలు రూపం టీవీలో దేశమంతా చూస్తుండగానే చివరి పిడికిలి బిగిస్తాడు. గెలిచాక కెమెరా వైపు వేలు చూపించి ‘ఇక నీ వంతు’ అంటాడు. జనం అది విలన్లకి హెచ్చరిక అనుకుంటారు. తనకే చెప్పాడని మిదొరియాకి మాత్రం అర్థమై ఏడుస్తాడు. మొదటి ర్యాంకు ఆరో సీజన్‌ది. ఎండెవర్ పెద్దకొడుకు చనిపోలేదనీ, విలన్‌గా మారిన దాబి అతనేననీ దేశానికంతా తెలిసే సీజన్ అది. తన వల్ల ఎవరికీ హాని జరగకూడదని మిదొరియా స్కూలు వదిలి ఒంటరిగా తిరుగుతాడు. స్నేహితులు వెనక్కి తీసుకొస్తే, స్కూల్లో తలదాచుకున్న పెద్దలు లోపలికి రానివ్వరు. అప్పుడు ఉరారక అనే అమ్మాయి బిల్డింగ్ మీదికెక్కి, మైకులో వాళ్లందరినీ బతిమాలుతుంది. ఆ ఘట్టం వల్లే ఆరోది మొదటిదని వాడి వాదన. నేను ఒప్పుకోను. అన్నిటికీ వేరు రెండో సీజన్లోనే ఉంది. తండ్రి మీద కోపంతో తనలోని నిప్పుని తొక్కిపెట్టిన తొదొరోకితో ‘అది నీ శక్తి’ అని మిదొరియా అరిచే పోటీ లేకపోతే, ఆరో సీజన్లో ఆ ఇంటి గుట్టు బయటపడినా మనకు అంత నొప్పి ఉండదు.

న్యాయనిర్ణేతల బాధ నాకు తెలియనిది కాదు. పిల్లలకి వేమన పద్యాలు నేర్పేది నేనే. ఈ దేశంలో పుట్టిన పిల్ల శతక పద్యం తప్పు లేకుండా చెప్పినప్పుడు నా కళ్లు చెమరుస్తాయి. ఇలాంటివి ఒప్పుకుంటే రేపు అందరూ ఇవే తెస్తారు, పద్యం వెనకబడుతుందన్న భయంలో నిజం ఉంది. అయితే పద్యాలకి వేరే పోటీ ఉంది, ఉండాలి కూడా. వక్తృత్వంలో చూడాల్సింది పిల్లవాడు సొంతంగా ఆలోచించాడా, ఆ ఆలోచనని తెలుగులో నిలబెట్టగలిగాడా అని. ఎన్టీఆర్ కృష్ణుడుగా గొప్పా, దుర్యోధనుడుగా గొప్పా అని మనం పాట్‌లక్‌లలో అర్ధరాత్రి దాకా వాదించుకుంటాం. ఎంసెట్ ర్యాంకులు పిల్లల మెడకి కట్టి పెంచిన వాళ్లం కూడా మనమే. ఈ పిల్లవాడు ఎవరినీ నొప్పించకుండా కథలకి ర్యాంకులిచ్చాడు, ప్రతిదానికీ కారణం చెప్పాడు. ఇండియాలో మన వాళ్లు ఇలాంటి కథలకి ఎప్పుడో తలుపు తెరిచారు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ అనే యానిమే సినిమా తెలుగు డబ్బింగ్‌తోనే అక్కడ హాళ్లకి వచ్చింది.

దీపావళి పోటీల ఫారం ఈ నెలలోనే తయారవుతుందని విన్నాను. కార్యవర్గానికి నా విన్నపం ఇదీ: వక్తృత్వ విభాగంలో ‘కథ ఏ దేశానిదైనా ఫరవాలేదు, మాట్లాడటం తెలుగులో ఉండాలి’ అని ఒక్క వాక్యం చేర్చండి. టైమ్ అయ్యేదాకా ఎవరి మైకూ తీయొద్దని న్యాయనిర్ణేతలకి ముందే చెప్పండి. ఆ పిల్లవాడి ఇంటికి మీలో ఒకరు ఫోన్ చేసి, ఈసారి మొదట వాడినే పిలుస్తామని చెప్పండి. తెనాలిలో వాళ్ల అమ్మమ్మకి లైవ్ లింకు నేను పంపిస్తాను.