బర్త్ సర్టిఫికెట్‌లో ఖాళీగా కూర్చున్న పేరు గడి గారికి

అయ్యా గడి గారూ,

నమస్కారం. మీరు క్షేమమే అని తెలుసు, మీకేం తక్కువ, మీ చుట్టుపక్కల గడులన్నీ నిండిపోయాయి, పుట్టిన తేదీ ఉంది, అమ్మ పేరుంది, నాన్న పేరుంది, ఆస్పత్రి అడ్రస్ కూడా ఉంది, ఒక్క మీరే తెల్లగా మెరిసిపోతున్నారు. మా ఇంట్లో ఇన్ని గొడవలకి కారణం మీరే. మీరే లేకపోతే మావాడు "చిన్నోడు" అనే పేరు మీదే హాయిగా డిగ్రీ దాకా లాగించేసేవాడు.

ముందు మీ రూల్స్ గురించి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో పుట్టుక రాయించాలి, సరే రాయించాం. పేరు మాత్రం తర్వాత చెప్పొచ్చట, 12 నెలల్లోపు అయితే ఫీజు లేదు, దాటితే లేట్ ఫీజు కట్టి 15 ఏళ్ళ దాకా ఎక్కించుకోవచ్చట. ఇంత వెసులుబాటు మనవాళ్ళకి ఎవరు ఇమ్మన్నారండీ? ఆ 15 ఏళ్ళ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి మా పెద్దనాన్న ప్రతి మీటింగ్‌లోనూ "ఇంకా మస్తు టైమున్నది గదరా" అని చాయ్ తాగి లేచిపోతున్నాడు. టైం ఎక్కడుంది? 2023 అక్టోబర్ 1న సవరణ చట్టం అమల్లోకొచ్చాక పుట్టిన పిల్లలకి బడిలో చేరాలన్నా, డ్రైవింగ్ లైసెన్స్ తీసుకోవాలన్నా, ఆఖరికి పెళ్ళి రిజిస్టర్ చేయించుకోవాలన్నా మీరున్న కాగితమే చూపించాలి. పెళ్ళి సంగతి తర్వాత, ఇక్కడ ప్లేస్కూల్ వాళ్ళు పిల్లాడికి మెడ నిలబడకముందే ఫోన్ చేసి "బాబు పేరేంటి సార్" అంటున్నారు.

అసలు మేమిద్దరం, అంటే నేనూ మావిడా, ఒకే మాట మీద ఉన్నాం. కొత్త ఫ్యాషన్ పేరు వద్దు. సాయంత్రం ఆరింటికి మా కమ్యూనిటీ పార్కులో నిలబడి ఎవరైనా "ఆన్ష్" అని గట్టిగా అరిస్తే సగం మంది పిల్లలు ఆట ఆపి వెనక్కి తిరుగుతారు, రియాన్ష్, శివాన్ష్, దేవాన్ష్, రుద్రాన్ష్, తిరగనివాళ్ళంతా విహాన్లు. అందుకని పాతకాలం పేరు పెడదాం అనుకుంటున్నాం అని ఫ్యామిలీ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాం.

అందరూ ఒప్పేసుకున్నారు! అనుమానం అప్పుడే రావాల్సింది. గంటలో లిస్టులు వచ్చాయి, అగస్త్య, అథర్వ, నచికేత, మార్కండేయ, ఇంకెవరో కశ్యప అని కూడా పెట్టారు. పాత పేర్లే, కాదనను. అప్పుడు మేం మా ఇద్దరి పేర్లు పెట్టాం, ఒకటి యాదగిరి, మా తాత పేరు, ఇంకోటి సైదులు, మావిడ వాళ్ళ తాత పేరు. బ్లూ టిక్కులు పడ్డాయి. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఎవరో గుడ్ నైట్ అని పువ్వు బొమ్మ పెట్టారు, అప్పటికింకా మధ్యాహ్నం మూడే అయింది.

రాత్రికి మా మేనత్త ఫోన్. "యాదగిరి ఏందిరా, మా అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ పేరు అదే గద."

గడి గారూ, విషయం అంతా ఇదే. ఈ సిటీలో పాత పేరు అంటే త్రేతాయుగం నుంచి డైరెక్ట్‌గా ఫ్లైట్‌లో దిగాలి, మధ్యలో మన ఊరి బస్టాండ్‌లో ఆగకూడదు. ఆగితే ఆ పేరుని వాచ్‌మన్ పెట్టుకుంటాడు, ఆటో అన్న పెట్టుకుంటాడు, ఇంక అది మనకి పనికిరాదు. లేకపోతే యాదగిరికి ఏం తక్కువ చెప్పండి? యాదగిరిగుట్ట స్థలపురాణంలో ఋష్యశృంగ మహర్షి కొడుకు యాదర్షి తపస్సు చేస్తే నరసింహస్వామి ప్రత్యక్షమయ్యాడు, ఆ యాదర్షి పేరు మీదే కొండకి ఆ పేరు. అంటే వీళ్ళడిగిన ఋషీ ఉన్నాడు, పురాణమూ ఉంది, పైగా ఉప్పల్ నుంచి బస్సు కూడా ఉంది. అయినా అగస్త్య క్లాస్, యాదగిరి మాస్. మధ్యలో కొన్నేళ్ళు యాదాద్రి అని పిలిచిన గుట్టకే 2024లో పాత పేరు పెట్టుకుందాం అన్నారు, మా మేనత్త మాత్రం దిగిరావడం లేదు.

సైదులు సంగతైతే ఇంకా గమ్మత్తు. ఒక బంధువు చాలా మర్యాదగా "మనోళ్ళ పేరేనా అది" అని అడిగాడు. మనోళ్ళదే బాబాయ్. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది, ఏటా జనవరిలో ఉర్సు జరుగుతుంది, హిందువులు ముస్లింలు అని తేడా లేకుండా కందూరు, అంటే మొక్కు తీర్చుకునే విందు, చేస్తారు, పిల్లలు లేనివాళ్ళు అక్కడ మొక్కుకుని, పుడితే సైదులు అనో సైదమ్మ అనో పెట్టుకుంటారు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో అయినా రచ్చబండ దగ్గరికి పోయి సైదులూ అని పిలవండి, ఒక్కడే పలికితే నన్నడగండి. అలా పుట్టినాయనే మావిడ వాళ్ళ తాత, బొట్టు పెట్టుకుని రామాలయంలో భజన కూడా చేసేవాడు, ఎప్పుడూ ఎవరూ ఆయన్ని "మనోళ్ళ పేరేనా" అని అడగలేదు పాపం, అప్పట్లో ఫ్యామిలీ గ్రూపులు లేవు కదా.

ఇలా చూసుకుంటూ పోతే తాతల పేర్లన్నీ పాత బస్సు రూట్ బోర్డులా ఉంటాయి. కొమురెల్లి మల్లన్నకి మొక్కితే కొమురయ్య, ఓదెల మల్లన్నకి మొక్కితే ఓదెలు, ఐలోని మల్లన్నకి మొక్కితే ఐలయ్య, వేములాడ పోతే రాజయ్య, మేడారం పోతే సమ్మయ్య. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో అయితే పసిగుడ్డుని ఒకసారి పెంట మీద పడుకోబెట్టి, ఎవరికీ అక్కర్లేని బిడ్డ అన్నట్టు తీసుకొచ్చి పెంటయ్య అని పిలిచేవాళ్ళు, కనీసం ఆ పేరు చూసైనా చావు వదిలేసి పోతుందని. ఆ పేరు విని క్లాసులో నవ్వేవాళ్ళే నాకు గుర్తున్నారు, ఆ తల్లి సంగతి ఎవరూ చెప్పలేదు. సరే, లేఖ సీరియస్ అయిపోతోంది.

జూలై 4 వస్తే దొడ్డి కొమురయ్య ఫోటో మా గ్రూపులో కూడా తిరుగుతుంది, 1946లో కడవెండిలో దొర గూండాల తుపాకీకి ఎదురెళ్ళి ప్రాణమిచ్చిన మనిషి, అందరూ దండాలు పెడతారు. ఇంట్లో పిల్లాడికి ఆ పేరు పెడదామా అంటే మాత్రం "స్కూల్ల ఏడిపిస్తరురా". ఎవరేడిపిస్తారు? విహాన్లు.

అదే పేరు హోటల్‌కి పెట్టండి, కొండాపూర్‌లో ఆదివారం మధ్యాహ్నం అరిటాకు భోజనానికి గంట సేపు బయట నిలబడతారు, బోర్డు మీద ఎంత పాత అయ్య ఉంటే బిర్యానీ రేటు అంత ఎక్కువ. కుక్కకి పెట్టండి, అది కూడా ఓకే. మా లిఫ్ట్‌లో రోజూ ఒక లాబ్రడార్ ఎక్కుతుంది, దాని పేరు సుబ్బారావు, అందరూ "సో క్యూట్" అంటారు, దాన్ని పట్టుకొచ్చే పిల్లాడి పేరు అయాన్ష్.

సరే వీళ్ళతో కాదని పంతులుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన పంచాంగం తీసి, కళ్ళజోడు సర్దుకుని, లెక్క కట్టి, హస్తా నక్షత్రం మూడో పాదం అన్నారు. మొదటి అక్షరం "ణ". నేను ఇంకోసారి అడిగా. ణ అండీ, ణ. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 పాదాలుంటే మావాడు వచ్చి వచ్చి దీంట్లో ల్యాండ్ అయ్యాడు. నాలుగో పాదమైతేనో అని మావిడ ఆశగా అడిగింది, అది "ఠ" అన్నారు. ఆయనే జాలిపడి ణ బదులు న వాడుకోవచ్చులే అన్నారు, అంతే, ఇంటికొచ్చేలోపు గ్రూపులో నివాన్, నిహాన్, నైరాన్ష్ అని మళ్ళీ మొదలు.

చివరికి తీర్పు ఇచ్చింది మా నాయనమ్మ. ఇన్నాళ్ళూ ఆమె ఒక్క మాట మాట్లాడలేదు, తాత పేరు పెడతానంటే మురిసిపోతుంది అనుకున్నా నేను. ఆరోజు బాల్కనీలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంది, పక్కనే చాప మీద వీడు. పోయి "నీ ఓటు యాదగిరికే కదా" అన్నా. చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని నా మొహం చూసింది.

"ఆ పేరు పెడితే నేను పోరణ్ని ఎట్ల పిల్వాలెరా? అరవై ఏండ్లు మీ తాతనే పేరు పెట్టి పిల్వలే. రేషన్ షాపుల అడిగితే కూడా పక్కామెతోని చెప్పిచ్చిన. ఇప్పుడు లాగులేని పోరణ్ని వట్టుకొని ఆయన పేరుతోని 'ఒరేయ్ ఇటురా, ముడ్డి కడుగుత' అనాల్నా?"

దీనికి ఏ పంచాంగంలోనూ పరిహారం లేదు. మావిడ అయితే పడి పడి నవ్వింది, ఎందుకంటే వాళ్ళ తాత పేరుకి నాయనమ్మ దగ్గర ఏ అభ్యంతరమూ లేదు, ఎంత గట్టిగా అయినా పిలవొచ్చు, తిట్టొచ్చు, వెనకాల అన్నం గిన్నె పట్టుకుని ఫ్లోర్ అంతా పరిగెత్తొచ్చు. అప్పుడే ట్రయల్ కూడా వేసింది, "సైదులూ" అంటే వీడు తల తిప్పాడు, చిక్కుడుకాయ కోసమే తిప్పాడని నా అనుమానం, అయినా ఇంట్లో అది ఓటుగా లెక్కేశారు.

కాబట్టి గడి గారూ, ఈ వారంలో మీలోకి సైదులు వస్తున్నాడు, ముందు మా ఇంటిపేరుతో సహా, కొంచెం జరిగి చోటివ్వండి. మా మేనత్త గ్రూపులోంచి లెఫ్ట్ అయ్యింది, బాబాయ్ యాడ్ చేశాడు, మళ్ళీ లెఫ్ట్ అయ్యింది. ఇంగ్లీషు స్పెల్లింగ్ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను, మా అక్క ఇందాకే ఎవరో న్యూమరాలజిస్టు నంబర్ పంపింది, రెండు "వై"లు పెడితే మావాడికి విదేశీ యోగం ఉందట.

ఇట్లు,
మీ కింద గడిలో ఎప్పుడో నిండిపోయిన
తండ్రి పేరు