టిఫిన్ మానేయడం కాదు, మార్చుకోవాలి

టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లు ఉదయం టిఫిన్ పూర్తిగా మానేస్తే మంచిదంటూ ఒక వ్యాసంలో చదివిన సలహాతో నేను ఏకీభవించను. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ అనే హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ ఆ వేళ సరిగా పనిచేయదు. అందుకే ఎంతోమందికి అవే పిండిపదార్థాలు మధ్యాహ్నం కంటే ఉదయం షుగర్‌ను ఎక్కువగా పెంచుతాయి. అయితే టిఫిన్ మానేస్తే మధ్యాహ్న భోజనం తర్వాత షుగర్ ఇంకా ఎగబాకడం చాలామందిలో కనిపిస్తుంది, నాకూ అదే జరిగింది.

నాకు పనికొచ్చింది పిండిపదార్థాలు సగానికి తగ్గించి, గుడ్డో బాదం లాంటి గింజలో ముందు తిని, ఆ తర్వాతే మిగతాది తినడం. మాంసకృత్తులు, పీచు ముందు వెళ్తే గ్లూకోజ్ రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. పండ్లరసం మాత్రం వద్దు, పండే తినండి. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. సాధారణంగా 180 (mg/dL) లోపు ఉండాలంటారు, మీ డాక్టర్ వేరే లక్ష్యం చెప్పి ఉంటే అదే పాటించండి.

దయచేసి ఒకటి గుర్తుంచుకోండి. ఇన్సులిన్ గానీ, ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గించకండి. షుగర్ 70 కంటే కిందికి పడిపోతే చాలా ప్రమాదం.