అయిపోయాడని పంపేశాక రెండు టైటిళ్లు: గోర్డన్ స్మిత్ రికార్డును ఎలా చదవాలి

స్కాట్లండ్ ఫుట్‌బాల్ అభిమానులు ఒకరినొకరు పరీక్షించుకునే ప్రశ్న ఒకటుంది. మూడు వేర్వేరు క్లబ్బులతో లీగ్ టైటిల్ గెలిచాడు, ఆ మూడింటిలో సెల్టిక్ లేదు, రేంజర్స్ లేదు. ఎవరా ఆటగాడు? జవాబు గోర్డన్ స్మిత్. హిబ్స్ అని అందరూ పిలిచే ఎడిన్‌బరో క్లబ్ హైబర్నియన్‌తో 1948, 1951, 1952లో, అదే ఊరి హార్ట్స్‌తో 1960లో, డండీతో 1962లో. ఈ మూడు క్లబ్బుల తరఫునా యూరప్ దేశాల చాంపియన్ క్లబ్బులు తలపడే యూరోపియన్ కప్ కూడా ఆడాడు.

గ్లాస్గోలోని ఆ రెండు పెద్ద క్లబ్బులకు స్కాటిష్ ఫుట్‌బాల్ మీద ఉన్న పట్టు తెలిసినవాళ్లకు ఇది ఎంత అరుదైన సంగతో చెప్పనక్కర్లేదు. అందుకే స్మిత్ గురించి ఎవరు రాసినా పట్టుదల, ప్రతిభ, వయసును జయించడం అనే దారిలోనే వెళ్తారు. అవేవీ అబద్ధం కావు. కానీ ఈ రికార్డు పుట్టడానికి అసలు కారణం ఒక క్లబ్బు యాజమాన్యం వేసిన తప్పుడు అంచనా అని నేననుకుంటాను. 1959లో హిబ్స్ అతన్ని వదిలించుకోకపోయి ఉంటే ఇవాళ ఆ ప్రశ్నే ఉండేది కాదు.

స్మిత్ 1924 మే నెలలో ఎడిన్‌బరోలో పుట్టాడు. పెరిగింది తూర్పు తీరంలోని మాంట్రోజ్‌లో. చిన్నప్పటి నుంచి హార్ట్స్ అభిమాని. 1941లో, యుద్ధం నడుస్తుండగా, హార్ట్స్ అతన్ని తీసుకోవడం ఖాయమని అంతా అనుకుంటున్న సమయంలో హిబ్స్ మేనేజర్ విల్లీ మెకార్ట్‌నీ ముందుగా వచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ఇంతకుముందు హార్ట్స్‌కే మేనేజర్‌గా చేసిన మనిషాయన! ఏప్రిల్‌లో తొలి మ్యాచ్ హార్ట్స్ మీద, వాళ్ల సొంత మైదానం టైన్‌కాజిల్‌లోనే. హిబ్స్ 5-3తో గెలిచింది. ఇంకా పదిహేడేళ్లు నిండని స్మిత్ హాట్రిక్ కొట్టాడు. బాబీ కోంబ్ అనే మరో కుర్రాడికీ అదే తొలి మ్యాచ్, అతనూ ఒక గోల్ వేశాడు.

యుద్ధం ముగిశాక హిబ్స్ ముందువరుస ఒక్కొక్కరుగా కుదురుకుంది. కుడి అంచున స్మిత్, ఎడమ అంచున విల్లీ ఆర్మండ్, మధ్యలో బాబీ జాన్‌స్టన్, లారీ రైలీ, ఎడ్డీ టర్న్‌బుల్. వీళ్లనే ‘ఫేమస్ ఫైవ్’ అంటారు. ఐదుగురిలో ప్రతి ఒక్కరూ హిబ్స్ తరఫున లీగ్‌లో వందకు పైగా గోల్స్ వేశారు. వింగర్ అంటే అంచున పరిగెత్తి బంతిని మధ్యకు అందించేవాడు. గోల్ వేసే పేరు వేరేవాళ్లది. స్మిత్ ఆ పని చేస్తూనే, యుద్ధకాలపు మ్యాచ్‌లు కలిపి 300 దాటాడు. యుద్ధ సమయంలో అతిథి ఆటగాడిగా హిబ్స్‌కు ఆడిన మాట్ బస్బీకి అతనంటే ప్రత్యేకమైన అభిమానం. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌ను ఇంగ్లండ్ చాంపియన్‌గా నిలిపిన మేనేజర్ ఆ బస్బీయే.

ఆ హిబ్స్ ఎంత బలమైన జట్టో 1951 పట్టిక చూస్తే తెలుస్తుంది. గెలుపుకు రెండు పాయింట్లే ఇచ్చే కాలంలో రెండో స్థానంలో ఉన్న రేంజర్స్ కంటే పది పాయింట్లు ముందు. 1950 జనవరి 2న హిబ్స్ సొంత మైదానం ఈస్టర్ రోడ్‌లో హార్ట్స్ మ్యాచ్ చూడటానికి వచ్చిన జనం 65,860. ఆ మైదానం రికార్డు ఇప్పటికీ అదే.

ఇక 1952-53 సీజన్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. హిబ్స్, రేంజర్స్ చెరో 43 పాయింట్లతో ముగించాయి. రేంజర్స్ తన చివరి మ్యాచ్‌లో క్వీన్ ఆఫ్ ది సౌత్‌తో 1-1 డ్రా చేసుకుని ఆ 43కు చేరింది. అప్పటి నియమం ప్రకారం పాయింట్లు సమానమైతే గోల్ యావరేజ్ చూస్తారు, అంటే వేసిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగిస్తారు. రేంజర్స్ 80 వేసి 39 ఇచ్చింది, అంటే 2.05. హిబ్స్ 93 వేసి 51 ఇచ్చింది, 1.82. టైటిల్ రేంజర్స్‌కు పోయింది. ఇప్పటిలా తీసివేత చేసి చూస్తే హిబ్స్‌కు 42, రేంజర్స్‌కు 41. పదమూడు గోల్స్ ఎక్కువ కొట్టిన జట్టు భాగహారం వల్ల ఓడిపోయింది. గోల్ పడకుండా కాపలా కాసే ఆటకు బహుమతి ఇచ్చే లెక్క అది, గోల్స్ కోసం పుట్టిన జట్టు అందులో నష్టపోవడంలో వింత లేదు.

రేంజర్స్‌కు ఆ సమం చేసే గోల్ వేసింది విల్లీ వాడెల్. అతనూ కుడి వింగరే. స్కాట్లండ్ జట్టులో స్మిత్‌కు దక్కాల్సిన స్థానంలో తరచూ కనిపించిందీ అతనే. అంత పేరున్న స్మిత్ దేశం తరఫున ఆడినవి ఇరవై లోపే. (1965లో వాడెల్ మేనేజర్‌గా కిల్మార్నాక్‌ను చాంపియన్ చేశాడు. అదీ గోల్ యావరేజ్ మీదే, ఈసారి దెబ్బ తిన్నది హార్ట్స్. తీసివేత లెక్కయితే ఆ టైటిల్ హార్ట్స్‌ది. ఎడిన్‌బరోకు వాడెల్ చేసిన బాకీ చిన్నది కాదు.)

ప్రపంచ కప్ స్మిత్‌కు అందలేదు, అందులో అతని తప్పేమీ లేదు. 1950లో బ్రిటన్ దేశాల టోర్నీలో మొదటి రెండు స్థానాల జట్లకు బ్రెజిల్ వెళ్లే అవకాశం ఉంది. స్కాటిష్ సంఘం మాత్రం చాంపియన్లమైతేనే వెళ్తామని ముందే ప్రకటించింది. గ్లాస్గోలోని హాంప్‌డెన్ మైదానంలో ఇంగ్లండ్ 1-0తో గెలిచింది. మాట మార్చుకోమని కెప్టెన్ జార్జ్ యంగ్ బతిమాలినా పెద్దలు వినలేదు. అదే ప్రపంచ కప్ నుంచి చివరి నిమిషంలో తప్పుకున్న జట్లలో మన దేశం కూడా ఉంది. బూట్లు లేకుండా ఆడనివ్వనందుకే వెళ్లలేదన్న కథ మన దగ్గర బాగా నడిచింది. నిజానికి మన సంఘానికి అప్పట్లో ఒలింపిక్స్ మీద ఉన్న గౌరవం ప్రపంచ కప్ మీద లేదు. కారణాలు వేరైనా గదిలో కూర్చున్న అధికారులు ఆటగాళ్ల జీవితంలో ఒకే ఒక్కసారి వచ్చే అవకాశాన్ని కాలదన్నడం రెండు చోట్లా ఒకటే. 1954లో స్కాట్లండ్ స్విట్జర్లాండ్ వెళ్లింది గానీ 22 మందికి అనుమతి ఉన్నా 13 మందినే తీసుకెళ్లింది, ఉరుగ్వే చేతిలో 7-0తో ఓడింది. ఆ పదముగ్గురిలో స్మిత్ లేడు. మరుసటి ఏడాది అతని నాయకత్వంలో స్కాట్లండ్ వియన్నాలో ఆస్ట్రియాను 4-1తో ఓడించింది. తర్వాత బుడాపెస్ట్‌లో హంగరీ మీద 3-1తో ఓడింది, రెండు మ్యాచ్‌ల్లోనూ స్మిత్ గోల్ వేశాడు. అంతకు ఏడాది ముందు అదే నగరంలో ఇంగ్లండ్ 7-1తో చిత్తయిందని గుర్తుంచుకుంటే 3-1 విలువ అర్థమవుతుంది.

1955లోనే యూరోపియన్ కప్ మొదలైంది. ఇంగ్లండ్ చాంపియన్ చెల్సీ తమ లీగ్ అధికారుల ఒత్తిడికి లొంగి తప్పుకుంది. హిబ్స్ ముందు సీజన్‌లో చాంపియన్ కూడా కాదు, అయినా ఆహ్వానం అందుకుని వెళ్లి ఆ టోర్నీలో ఆడిన తొలి బ్రిటిష్ క్లబ్ అయింది. జర్మనీ చాంపియన్ రాట్‌వైస్ ఎస్సెన్‌ను వాళ్ల ఊళ్లోనే 4-0తో కొట్టింది. సెమీఫైనల్లో ఫ్రాన్స్ క్లబ్ రాన్స్ చేతిలో ఆగిపోయింది.

ఇక అసలు విషయం. ఆ కాలంలో ఆటగాడి కాంట్రాక్టు ముగిసినా అతని రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలోనే ఉండేది. క్లబ్బు ఒప్పుకోకపోతే ఇంకో లీగ్ క్లబ్బుకు ఆడే దారే లేదు. ఆటగాడి చేతిలో మిగిలిన ఆయుధం సంతకం పెట్టకుండా ఇంట్లో కూర్చోవడం ఒక్కటే. లారీ రైలీ 1953లో అదే చేశాడు. దానికి మూలం స్మిత్ బెనిఫిట్ మ్యాచే, అంటే వసూళ్లు ఆటగాడికే ఇచ్చే మ్యాచ్. 1952 సెప్టెంబర్‌లో స్మిత్ కోసం హిబ్స్, మాంచెస్టర్ యునైటెడ్ తలపడ్డాయి. ఒకరు స్కాట్లండ్ చాంపియన్లు, ఇంకొకరు ఇంగ్లండ్ చాంపియన్లు. హిబ్స్ 7-3తో గెలిచింది. నాకూ అలాంటి మ్యాచ్ ఒకటి ఇవ్వండి అని రైలీ అడిగాడు. క్లబ్బు కుదరదంది. దేశంలోనే పేరున్న సెంటర్ ఫార్వర్డ్ కొన్ని నెలలు ఆటకు దూరంగా ఉన్నాడు.

బెనిఫిట్ అంటే హక్కు కాదు, యాజమాన్యం దయ. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఎందుకివ్వరని అడిగితే జవాబు చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు. రైలీ మోకాలి దెబ్బతో 1958లో 29 ఏళ్లకే ఆట మానేశాడు.

మరుసటి ఏడాది స్మిత్ వంతు వచ్చింది. వయసు 35కు దగ్గరపడింది, చీలమండ దెబ్బతింది. ఇక కోలుకోడని క్లబ్బు తేల్చేసింది. పద్దెనిమిదేళ్లు ఆడినవాడి చేతిలో ఫ్రీ ట్రాన్స్‌ఫర్ పెట్టింది, అంటే డబ్బేమీ అడగకుండా ఏ క్లబ్బుకైనా వెళ్లిపొమ్మంది. ఆపరేషన్ చేయిస్తే మళ్లీ ఆడగలనని స్మిత్ నమ్మకం. తన డబ్బుతోనే చేయించుకున్నాడు. తర్వాత నేరుగా వెళ్లింది హార్ట్స్‌కు, అంటే చిన్నప్పుడు తను అభిమానించిన క్లబ్బుకు, హిబ్స్ బద్ధశత్రువుకు.

హిబ్స్ పక్షాన చెప్పడానికీ కొంత ఉంది. 35 ఏళ్ల వింగర్ మీద, అదీ అప్పటి వైద్యంతో, పందెం కట్టే క్లబ్బులు ఎక్కువ ఉండవు. గోల్స్‌కూ కొదవ రాలేదు. ఆ సీజన్‌లో కుర్రాడు జో బేకర్ ఒక్కడే లీగ్‌లో 42 గోల్స్ వేశాడు. అయినా హిబ్స్ పట్టిక మధ్యలోనే మిగిలింది. పైగా పాతవాళ్ల అవసరం తీరిపోయిందన్న వాదన కూడా నిలవదు, ఎందుకంటే అదే 1959లో మాంచెస్టర్ సిటీ నుంచి బాబీ జాన్‌స్టన్‌ను మళ్లీ కొని తెచ్చుకున్నారు. అంచనా తప్పడం ఎవరికైనా జరుగుతుంది, దాన్ని నేను పెద్ద నేరంగా చూడను. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. వెళ్లాలనుకున్న ఆటగాణ్ణి కాగితంతో కట్టిపడేసే హక్కున్న క్లబ్బు, ఉండాలనుకున్న ఆటగాడి కాలికి ఒక ఆపరేషన్ ఖర్చు పెట్టలేదు. విధేయత మొత్తం ఒక వైపు నుంచే ఆశించిన వ్యవస్థ అది. ఇంగ్లండ్‌లో జార్జ్ ఈస్టమ్ కోర్టుకెక్కి, కాంట్రాక్టు అయిపోయినవాణ్ణి అలా పట్టి ఉంచడం అన్యాయమని 1963లో తీర్పు తెచ్చుకునేదాకా ఆ వ్యవస్థకు గట్టి దెబ్బ తగలలేదు.

హార్ట్స్‌లో మొదటి సీజన్‌లోనే స్మిత్‌కు లీగ్, లీగ్ కప్ రెండూ వచ్చాయి. తర్వాత యూరోపియన్ కప్‌లో పోర్చుగల్ క్లబ్ బెన్ఫికా చేతిలో ఓడారు, ఆ ఏడాది కప్పు గెలిచింది ఆ బెన్ఫికాయే. మళ్లీ గాయాలు, 1961లో హార్ట్స్ కూడా వదిలేసింది. అప్పుడు 37 ఏళ్ల స్మిత్‌ను తీసుకున్నది డండీ మేనేజర్ బాబ్ షాంక్లీ, లివర్‌పూల్ మేనేజర్ బిల్ షాంక్లీకి అన్న.

షాంక్లీ ఆలోచన నాకు చాలా నచ్చుతుంది. స్మిత్‌లో వేగం తగ్గిందని ఆయనకూ తెలుసు. ఆయన చూసింది పోయిన వేగాన్ని కాదు, మిగిలిన బుర్రను. చుట్టూ అలన్ గిల్జీన్, ఆండీ పెన్మన్ లాంటి కుర్రాళ్లున్నారు. వాళ్లు పరిగెడతారు, ఎప్పుడు ఎక్కడికి పరిగెత్తాలో తెలిసేలా బంతి ఇచ్చేవాడు కావాలి. 1961 నవంబర్‌లో రేంజర్స్ సొంత మైదానం ఐబ్రాక్స్‌లో పొగమంచు కమ్మేసిన మధ్యాహ్నం డండీ రేంజర్స్‌ను 5-1తో ఓడించింది, నాలుగు గోల్స్ గిల్జీన్‌వే. 1962 ఏప్రిల్ 28న పెర్త్‌లో సెయింట్ జాన్‌స్టన్‌ను 3-0తో ఓడించి డండీ తన చరిత్రలో తొలిసారి లీగ్ చాంపియన్ అయింది. టైన్‌కాజిల్ హాట్రిక్‌కు, ఈ పతకానికి మధ్య ఇరవై ఒక్కేళ్లు. మరుసటి సీజన్‌లో యూరోపియన్ కప్‌లో కొలోన్‌ను 8-1తో కొట్టి, స్పోర్టింగ్ లిస్బన్‌ను, ఆండర్లెక్ట్‌ను దాటి సెమీఫైనల్ దాకా వెళ్లారు. అక్కడ ఏసీ మిలన్ ఆపింది.

ఆ తర్వాత మోర్టన్‌లో, ఐర్లండ్ క్లబ్ డ్రమ్‌కాండ్రాలో కొద్దికాలం ఆడి ఆట మానేశాడు. 2004లో చనిపోయాడు. స్కాటిష్ కప్ మాత్రం ఎప్పుడూ దక్కలేదు, 1947 ఫైనల్లో అబర్డీన్ చేతిలో ఓడిపోయారు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. హిబ్స్ పంపేసినంత మాత్రాన రికార్డు రాదు. వెళ్లిన చోట టైటిల్ గెలిచే అవకాశం కూడా ఉండాలి. అప్పుడది ఉండేది. 1948 నుంచి 1965 దాకా హిబ్స్, అబర్డీన్, హార్ట్స్, డండీ, కిల్మార్నాక్ చాంపియన్లయ్యాయి. గేటు వసూళ్లలో బయటి నుంచి వచ్చిన జట్టుకూ వాటా దక్కేది. టీవీ డబ్బు, యూరప్ డబ్బు ఒకే రెండు క్లబ్బుల ఖాతాలో పేరుకుపోయే రోజులు ఇంకా రాలేదు. షాంక్లీ లాంటి మేనేజర్ నాలుగు కుర్ర కాళ్లు, ఒక ముసలి బుర్ర కలిపితే రేంజర్స్‌ను పడగొట్టడం జరిగే పనే. 1986 నుంచి 2025 వరకు స్కాట్లండ్ లీగ్ టైటిల్ సెల్టిక్, రేంజర్స్ దాటి బయటకు పోలేదు. స్మిత్‌కంటే గొప్పవాడు ఈ నలభై ఏళ్లలో పుట్టి ఉన్నా అతని రికార్డుకు దగ్గరగా వచ్చే వీలే లేదు. డండీ 1962 తర్వాత మళ్లీ చాంపియన్ కాలేదు. హిబ్స్ చివరిసారి లీగ్ గెలిచింది 1952లో, కుడి అంచున స్మిత్ ఉన్నప్పుడే.