రంగును బట్టి జాతిని తేల్చలేం
చిలగడదుంప తీగపై కనిపించే ఆకుపచ్చ గొంగళిపురుగు, గోధుమరంగు గొంగళిపురుగు వేర్వేరు జాతులవని నేను చదివిన ఒక వ్యాసంలో రాయడం సరికాదు. రెండూ కన్వాల్వులస్ హాక్ మాత్ అనే, రాత్రిపూట ఎగిరే సీతాకోకచిలుకలాంటి పెద్ద పురుగు పిల్లలే, ఒకే జాతిలో రెండు రంగులూ వస్తాయి. తోక దగ్గర కొమ్ము రెండింటికీ ఉంటుంది. మా పెరట్లో రెండు రంగులవీ ఒకే పాదులో పెరిగి, మట్టిలోకి దిగి ప్యూపాలుగా (రెక్కలు రావడానికి ముందు కదలకుండా ఉండే దశ) మారాయి. మంచి గుర్తు అక్కడే ఉంది: ప్యూపా తలవైపు నుంచి కప్పు పిడిలా వంగిన గొట్టం. గొట్టంపూల అడుగుదాకా చేరే తొండం తయారయ్యేది అందులోనే. రెక్కలు వచ్చాక పొట్టకు ఇరుపక్కలా గులాబీ, నలుపు పట్టీలు చూడాలి. రెక్కలు చాపితే 8 నుంచి 12 సెంటీమీటర్లు. ఆఫ్రికా నుంచి సముద్రం దాటి ఐరోపాకు వలసపోగల జీవిని ‘పెద్ద బూడిదరంగు పురుగు’ అని ఆ వ్యాసం ఒక్క ముక్కతో వదిలేయడం చాలా అన్యాయం.